రెండు రూపాయల షేరు చవకా?

మాదాపూర్ ఆఫీసుల్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. లంచ్ టైములో నలుగురం కలిస్తే ప్లాట్ల రేట్ల తర్వాత వచ్చే రెండో టాపిక్ షేర్లు. ఈ మధ్య ఎక్కువగా వినబడే ప్రశ్న ఇది: "అన్నా, రెండు మూడు రూపాయల్ల ఉన్న మంచి షేరు ఏదన్న ఉంటె చెప్పు. ఒక లక్ష పెట్టి పదేండ్లు మర్చిపోత."

ఆ లక్ష ఎక్కడిదో కూడా చూడాలి. కొందరిది ఆన్‌సైట్‌లో మిగిల్చింది. కొందరిది జిల్లా అయ్యాక జనగామ దగ్గర రేటు పెరిగిందని నాయిన అమ్మిన పది గుంటలది. ఇంకొందరిది సింగరేణిలో ముప్పై ఏళ్ళు బాయి దిగి రిటైరైన తండ్రికి వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ. ఇవి మళ్ళీ సంపాదించగలిగే డబ్బులు కావు. అందుకే ఈ విషయం మీద నా అభిప్రాయం కాస్త వివరంగా రాద్దామనిపించింది.

ముందే చెప్పేస్తాను. మైక్రోక్యాప్ కంపెనీల్లో దీర్ఘకాలానికి పెట్టుబడి పెట్టడం తప్పని నేను అనను. కానీ "కొని మర్చిపోవడం" అనేది పద్ధతి కాదు. చిన్న కంపెనీల్లో కాలం దానంతటదే మన పక్షాన పనిచెయ్యదు. లాభాన్ని నగదుగా మార్చుకోగలిగిన కంపెనీకే కాలం మేలు చేస్తుంది. మిగతా కంపెనీల్లో పదేళ్ళు ఆగితే పదేళ్ళూ పోతాయి, డబ్బూ పోతుంది.

ధర వేరు, విలువ వేరు

మొదటి గందరగోళం ఇక్కడే. రెండు రూపాయల షేరు చవక, ఎనిమిది వందల రూపాయల షేరు ఖరీదు అనుకుంటాం. లెక్క చూడండి. ఒక కంపెనీకి 200 కోట్ల షేర్లున్నాయి, ఒక్కోటి 2 రూపాయలు. అంటే కంపెనీ మొత్తాన్ని మార్కెట్ 400 కోట్లకు లెక్కగడుతోంది. ఇంకో కంపెనీకి 25 లక్షల షేర్లే ఉన్నాయి, ఒక్కోటి 800. దాని మొత్తం విలువ 200 కోట్లు. ఈ రెండిట్లో చిన్న కంపెనీ 800 రూపాయల షేరుదే! మొదటిది ఏటా 2 కోట్లు, రెండోది 20 కోట్లు సంపాదిస్తుంటే ఏది చవకో మీరే చెప్పండి.

"రెండు రూపాయల షేరు ఇంకెంత పడుతుంది లే" అనేది ఇంకో మాట. రెండు నుంచి ఇరవై పైసలకు పడితే పోయేది 90 శాతం. రెండు వేల నుంచి రెండు వందలకు పడినా పోయేది అంతే. కాబట్టి పెన్నీ స్టాక్ అనే మాటని కాసేపు పక్కన పెట్టి, మైక్రోక్యాప్ అని ఆలోచించడం మొదలుపెట్టాలి. నిఫ్టీ 500 బయట ఉన్న 250 కంపెనీలతో ఎన్ఎస్ఈ ఒక మైక్రోక్యాప్ సూచీనే నడుపుతోంది. అందులో వందల రూపాయల షేర్లూ ఉంటాయి. చిన్నదనం కంపెనీ సైజులో చూడాలి గానీ షేరు ధరలో కాదు.

మన పక్కనే జరిగిన కథ

కమలాపురం గుజ్జు ఫ్యాక్టరీ మన వాళ్ళందరికీ తెలుసు. ఒకప్పటి ఏపీ రేయాన్స్, తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ చేతికి వచ్చి 'బిల్ట్' అయింది. మంగపేట మండలం 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్ళింది. ఫ్యాక్టరీ మాత్రం అంతకుముందే, 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఇక్కడ తయారయ్యే రేయాన్ గ్రేడ్ గుజ్జు కొనేవాళ్ళు దిగుమతి సరుకు వైపు మళ్ళారు. రాష్ట్ర ప్రభుత్వం తిరిగి తెరిపించడానికి రాయితీలు ప్రకటించింది. "ఇయ్యాల తెరుస్తరు, రేపు తెరుస్తరు" అని కార్మికులు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు.

ఆ వార్త వచ్చినప్పుడల్లా షేరు వైపు చూసినవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు దేశంలోనే పేరున్న కాగితం కంపెనీ, షేరు చూస్తే రూపాయీ రెండు రూపాయలూ. ఇంతకంటే చవక ఏముంటుంది అనిపించడం సహజం. కానీ 2020 జనవరిలో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. దివాలా చట్టం ప్రకారం డబ్బు పంచేటప్పుడు అప్పిచ్చిన బ్యాంకులు, కార్మికుల బకాయిలు ముందు వరసల్లో ఉంటాయి. షేర్‌హోల్డర్ అందరికంటే ఆఖరు. బ్యాంకులకే పూర్తిగా రాని చోట ఆఖరి వరసలో నిలబడ్డవాడికి ఏం మిగులుతుంది? డీహెచ్ఎఫ్ఎల్ చూడండి. 2021లో దాన్ని వేరే గ్రూపు కొన్నప్పుడు పాత షేర్ల విలువ సున్నా. మన హైదరాబాద్ లాంకో ఇన్‌ఫ్రాటెక్‌కైతే కొనేవాళ్ళే కుదరక 2018 ఆగస్టులో లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది. రూపాయి దిగువన లాంకోని "యావరేజ్" చేసుకున్నవాళ్ళు మన ఐటీ వాళ్ళల్లో ఎంతమందో!

ఇప్పుడు ఇదే కథకి రెండో సగం. బిల్ట్ ఏ గ్రూపుదో సీజీ పవర్ కూడా అదే అవంతా గ్రూపుది. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు చేసే పాత క్రాంప్టన్ గ్రీవ్స్. 2019 ఆగస్టులో తమ లెక్కల్లో భారీ అవకతవకలున్నాయని కంపెనీయే ప్రకటించింది. 2020 మార్చిలో షేరు ఐదు రూపాయల దగ్గరికొచ్చింది. అచ్చమైన పెన్నీ స్టాక్. అదే ఏడాది నవంబరులో మురుగప్ప గ్రూపుకి చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్, షేరుకి 8.56 రూపాయల లెక్కన కొత్త డబ్బు పెట్టి యాజమాన్యం తీసుకుంది. 2024 వచ్చేసరికి షేరు 700 దాటింది.

చాలామంది ఈ రెండో సగం ఒక్కటే చెప్పి "చూశారా, ఐదు రూపాయల షేరు ఏమైందో" అంటారు. రెండూ ఒకే గ్రూపువి, రెండూ రూపాయల్లో ఉన్నవే. మరి తేడా ఎక్కడ? సీజీ సరుకుకి గిరాకీ ఎప్పుడూ పోలేదు, పోయింది యాజమాన్యం మీద నమ్మకం. బ్యాంకులతో సెటిల్‌మెంట్ దివాలా కోర్టు బయటే జరిగింది కాబట్టి పాత షేర్లు రద్దు కాలేదు. పేరున్న కొత్త యజమాని సొంత డబ్బుతో వచ్చాడు, ఆ వివరాలన్నీ ఎక్స్ఛేంజ్ ప్రకటనల్లో పబ్లిగ్గా ఉన్నాయి. కొత్త యజమాని దిగాక కొన్నవాడికి కూడా ఎన్నో రెట్లు వచ్చాయి. అంటే అట్టడుగు ధర పట్టుకోవాల్సిన అవసరం లేదు, రుజువు కనబడేదాకా ఆగినా నష్టం లేదు.

వందేళ్ళ కిందటి ఆపరేటర్లు

"ఇదంతా టెలిగ్రామ్ గ్రూపుల వల్ల వచ్చిన పైత్యం" అనేవాళ్ళకి ఒక పాత సంగతి. మన డోర్నకల్ జంక్షన్ నుంచి బొగ్గు కోసమే లైను వేసిన ఇల్లెందు గనులున్నాయి కదా, వాటి పుట్టుకలోనే ఒక షేర్ల కుంభకోణం ఉంది. 1886లో నిజాం ప్రభుత్వం ఖనిజాల తవ్వకం హక్కుల్ని ఇద్దరు ఇంగ్లీషు వ్యాపారులకు ఇచ్చింది. వాళ్ళు లండన్‌లో 'హైదరాబాద్ దక్కన్ కంపెనీ' పెట్టారు. పది పౌండ్ల షేర్లు లక్ష. అందులో 85 వేలు హక్కులు తెచ్చినందుకు ప్రతిఫలంగా ప్రమోటర్లే రాసుకున్నారు. అంటే ఆ షేర్ల మీద కంపెనీలోకి వచ్చిన నగదు లేదు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం తరఫున అదే షేర్లను అసలు ధర కంటే ఎక్కువ పెట్టి కొనిపించిన అధికారి అబ్దుల్ హక్. అమ్మిన షేర్లు ఆయనవేనని తర్వాత బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. ఆయన పదవి పోయింది.

ఇందులో గమనించాల్సింది, బొగ్గు అబద్ధం కాదు. ఆ గనులే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ చేతికొచ్చాయి, ఇవాళ్టికీ భూపాలపల్లి కాకతీయ ఖని దాకా బొగ్గు వస్తూనే ఉంది. వనరు నిజం, భవిష్యత్తు నిజం, అయినా ఆనాడు ఆ ధరకి షేరు కొన్నవాడు మోసపోయాడు. కారణం చాలా మామూలుది. ఎక్కువ షేర్లు ఊరికే వచ్చినవాళ్ళ చేతిలో ఉన్నాయి, ధర వాళ్ళు చెప్పింది. ఇప్పటి మైక్రోక్యాప్‌లో తరచూ కనబడే ప్రిఫరెన్షియల్ అలాట్‌మెంట్లు, వారంట్లు చదివేటప్పుడు ఈ కథ గుర్తుపెట్టుకోండి. కథ బాగుందా అని అడిగే ముందు, ఈ షేర్లు ఎవరికి ఎంతకు వచ్చాయి అని అడగాలి.

ఇప్పటి రూపం చూడాలంటే సాధనా బ్రాడ్‌కాస్ట్ కేసులో 2023 మార్చిలో సెబీ ఇచ్చిన ఉత్తర్వు చదవండి. యూట్యూబ్‌లో తప్పుడు వీడియోలు పెట్టి, జనం ఎగబడి కొంటున్నప్పుడు లోపలివాళ్ళు అమ్ముకున్న వైనం వరసగా ఉంటుంది.

దసరాకి కనబడే లాభం

సింగరేణి షేరు మార్కెట్లో లేదు. రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం, అంతే. కానీ లాభం అంటే ఏమిటో నేర్చుకోవాలంటే నేను ఆ కంపెనీనే చూపిస్తాను. 2024 దసరా ముందు కార్మికులకు లాభాల్లో 33 శాతం, మొత్తం 796 కోట్లు పంచారు. సగటున మనిషికి లక్షా తొంభై వేలు. లాభం అని కాగితం మీద రాశారు, డబ్బు ఖాతాలో పడింది. అంతే, ఇంకే రుజువూ అక్కర్లేదు.

దీని పక్కన హైదరాబాద్ కంపెనీ బ్రైట్‌కామ్‌ని పెట్టి చూడండి. 2021 మొదట్లో పది రూపాయల లోపు ఉన్న షేరు ఏడాది తిరిగేసరికి వంద దాటింది. లక్షలమంది చిన్న మదుపరులు. లాభాలు వందల కోట్లలో చూపించేవారు. 2023 ఏప్రిల్‌లో సెబీ మధ్యంతర ఉత్తర్వు వచ్చింది, 868 కోట్ల ఆస్తుల తరుగుదలని లాభనష్టాల ఖాతాలో చూపకుండా దాటవేశారని. ఆగస్టులో ప్రిఫరెన్షియల్ షేర్ల డబ్బు మీద ఇంకో ఉత్తర్వు. 2024 జూన్‌లో ఎక్స్ఛేంజీలు ట్రేడింగ్ సస్పెండ్ చేశాయి. అన్ని వందల కోట్ల లాభం చూపించే కంపెనీ కొత్త షేర్లు అమ్మి డబ్బెందుకు తెచ్చుకుంటోంది అన్న ప్రశ్న ఆ ఏడాదంతా అందరి ముందూ ఉంది.

"నగదు చూస్తే చాలా మరి?" అంటే, పూర్తిగా చాలదు. సత్యం మనందరికీ గుర్తే. 2009 జనవరి 7న బయటపడింది, బ్యాంకులో ఉందని చూపిన నగదులోనే 5,040 కోట్లు లేవని. సెన్సెక్స్‌లో ఉన్న కంపెనీ, పేరు మోసిన ఆడిటర్, అయినా షేరు ఒక్కరోజులో 179 నుంచి 40 దగ్గరికి పడింది. అంత పెద్ద కంపెనీలోనే ఇలా జరిగితే ఎవరూ పట్టించుకోని 100 కోట్ల కంపెనీలో ఎందుకు జరగదు? కాబట్టి ఎంత చదివినా ఒక భాగం మనకి కనబడదు. దానికి మందు ఒక్కటే, ఒకే షేరులో ఎక్కువ పెట్టకపోవడం.

మనకి నిజంగా ఉన్న బలం

ఇంతసేపూ భయపెట్టాను కదా, ఇప్పుడు మంచి మాట :)

కావేరీ సీడ్స్ 2007లో షేరు 170 రూపాయలకు ఐపీఓకి వచ్చింది. ఆ లెక్కన కంపెనీ మొత్తం విలువ 230 కోట్ల చిల్లర. తర్వాత దాని 'జాదూ', 'ఏటీఎం' పత్తి విత్తనాలు తెలంగాణలో ఎంత నడిచాయో మన ఊళ్ళల్లో పత్తి పెట్టిన ఎవరినడిగినా చెబుతారు. 2014 నాటికి కంపెనీ విలువ వేల కోట్లకు చేరింది. ఆ పేర్లు జనగామ, మానుకోట విత్తనాల షాపుల ముందు రైతుల నోట్లో నలిగిన పేర్లు. ముంబైలో కూర్చున్న అనలిస్టు కంటే మనవాళ్ళకే ముందు తెలిసే సంగతి. గోదావరి వైపు రొయ్యల చెరువులవాళ్ళకి అవంతీ ఫీడ్స్ కూడా అలాంటిదే. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మేత గిరాకీ ఎలా పెరిగిందో చెరువు గట్టు మీదే కనబడింది. వంద కోట్ల లోపు ఉన్న కంపెనీ 2017 చివరికి పదివేల కోట్లు దాటింది. 2018లో మళ్ళీ సగానికి పైగా పడింది కూడా. కావేరీ కూడా 2015 తర్వాత బాగా తగ్గింది. అంటే ఇక్కడ కూడా "కొని మర్చిపోయినవాడి"కంటే ఏటా చూసుకున్నవాడే నయం.

ఈ రెండూ రెండు రూపాయల షేర్లు కావు. చిన్న కంపెనీలు, సరుకు కనబడేది, కొనేవాళ్ళు కనబడేవాళ్ళు. మనకున్న బలం ఊరితో ఉన్న సంబంధం. అది వదిలేసి ఎక్కడో పేరు మార్చుకున్న కంపెనీ షేరుని టెలిగ్రామ్‌లో చూసి కొనడం నాకు అర్థం కాని విషయం.

నేను చూసేవి

ఎవరో రాసిన కోడ్‌ని రివ్యూ లేకుండా ప్రొడక్షన్‌లోకి పంపం కదా, ఇదీ అంతే.

1. ఐదేళ్ళ లాభం మొత్తం కూడతాను. పక్కనే వ్యాపారం నుంచి వచ్చిన నగదు ఐదేళ్ళది కూడతాను. లాభం వందైతే నగదు డెబ్బై కూడా లేకపోతే అక్కడే ఆపేస్తాను.

2. షేర్ల సంఖ్య ఐదేళ్ళలో ఎంత పెరిగింది? బోనస్, స్ప్లిట్ కాకుండా పెరిగితే ఎవరికిచ్చారు, ఎంతకిచ్చారు, ఆ డబ్బుతో ఏం చేశారు?

3. అప్పు. లాభంలో సగం వడ్డీకే పోతుంటే వద్దు. చిన్న కంపెనీకి ఒక చెడ్డ ఏడాది వస్తే బ్యాంకు ఆగదు.

4. ప్రమోటర్ వాటా తగ్గుతోందా, తాకట్టులో ఉందా? సొంత బంధువుల కంపెనీలతో కొనడం అమ్మడం ఎంత?

5. ఆడిటర్ మధ్యలో రాజీనామా చేశాడా? చేస్తే కారణం ఎంత మర్యాదగా రాసినా నేను దూరం.

6. రోజుకి ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయి? ఐదు శాతం లోయర్ సర్క్యూట్ వరసగా ఇరవై రోజులు పడితే మిగిలేది 36 శాతం. ఆ ఇరవై రోజులూ అమ్మడానికి ఆర్డర్ పెడుతూనే ఉంటాం, కొనేవాడుండడు. ఎక్స్ఛేంజీ నిఘా జాబితాల్లో పేరుందా అన్నది రెండు నిమిషాల పని, చూడండి.

తర్వాత, ఏటా వార్షిక నివేదిక వచ్చినప్పుడు ఈ ఆరూ మళ్ళీ. ఒకటి చెడితే ధర ఎంతున్నా అమ్మడమే. ధర పడిందని అమ్మను, కారణం చెడితే అమ్ముతాను. అలాగే పడుతున్న కొద్దీ కొనడం ఉండదు.

ఒక చిన్న లెక్క

ఇది మాత్రం కాగితం తీసుకుని చేసి చూడండి. పది మైక్రోక్యాప్‌లలో తలా 20 వేలు, మొత్తం 2 లక్షలు పెట్టారు. పదేళ్ళలో ఐదు సున్నా అయ్యాయి. మూడు ఉన్నచోటే ఉన్నాయి. ఒకటి మూడు రెట్లైంది. ఒకటి ఏకంగా ఇరవై రెట్లైంది. ఇరవై రెట్ల షేరు పట్టినవాడిని ఆఫీసంతా మొనగాడంటుంది కదా! మొత్తం ఎంతైంది? 5 లక్షల 20 వేలు. ఏడాదికి సుమారు పది శాతం. ఏ చదువూ అక్కర్లేని ఇండెక్స్ ఫండ్ గతంలో దీర్ఘకాలానికి దాదాపు అంతో, అంతకంటే ఎక్కువో ఇచ్చింది. ఆ ఇరవై రెట్ల షేరు లేకపోతే? 2 లక్షలు 1 లక్షా 20 వేలైంది.

అంటే ఈ ఆటలో ఒక్క పెద్ద గెలుపు కంటే, సున్నాలయ్యే ఐదింటిని రెండుకి తగ్గించడమే అసలు పని. పైన రాసిన ఆరూ అందుకే. ఇరవై రెట్ల షేరుని ముందే కనిపెట్టే మంత్రం నా దగ్గర లేదు. సున్నా అయ్యేవాటిలో చాలావాటిని మాత్రం వార్షిక నివేదికలోనే గుర్తుపట్టొచ్చు.

ఎంత పెట్టాలి అంటే, నా మాట ఇది. మొత్తం పొదుపులో పది శాతం దాటకుండా, ఒక్కో కంపెనీలో ఒక శాతం దాటకుండా. జీతంలోంచి మిగిలినదే పెట్టాలి. నాయిన అమ్మిన గుంటల పైసలు, సింగరేణి రిటైర్మెంట్ పైసలు ఇందులోకి ఒక్క రూపాయి కూడా రాకూడదు. మనకి ముప్పై ఏళ్ళు ఉద్యోగం ముందుంది, పోతే సంపాదించుకుంటాం. అరవై దాటిన మనిషికి ఆ గుంటలు మళ్ళీ రావు. ఆ డబ్బు పోస్టాఫీసులోనో బ్యాంకు డిపాజిట్లోనో ఉంటే తక్కువ వస్తుందని నవ్వకండి, వాళ్ళ మందుల ఖర్చుకి నెలనెలా వచ్చేది అదే.

నేను సెబీ రిజిస్టర్డ్ సలహాదారుని కాను, పైన చెప్పిన ఏ కంపెనీనీ కొనమనో అమ్మమనో చెప్పట్లేదు, అవన్నీ ఉదాహరణలే. ఈ టపా చదివాక ఒక పని చెయ్యండి చాలు. మీ డీమ్యాట్‌లో ఇప్పటికే ఉన్న అతి చిన్న కంపెనీ వార్షిక నివేదిక దించుకుని, ఐదేళ్ళ లాభం పక్కన ఐదేళ్ళ నగదు రాసి చూడండి. అరగంట పడుతుంది. ఆ రెండు అంకెలూ చూశాక కూడా పదేళ్ళు ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి.